ప్రవేశపట్టికయు ఫలితపట్టికయు

ప్రతి సంవత్సరమును వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడును. మఱునాటి పత్రికలలో నూటికి ఇంతమంది ఉత్తీర్ణులైరను అంకె పెద్ద అక్షరములతో అచ్చుపడును. జిల్లాకు జిల్లాతోడను, బడికి బడితోడను పోటి పెట్టి, ఇది మొదటిది, అది కడపటిది అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పునకు ఆధారము ఒక్క అంకె మాత్రమే: పరీక్ష వ్రాసినవారిలో గెలిచినవారెందఱు? ఆ పరీక్షవఱకు బడిలో నిలిచినవారెవరు, వారెవరి బిడ్డలు, వారితోగూడ చేరి నడుమ మానినవారేమైరి, అనునవి ఆ అంకెలో కానరావు.

బడిని గూర్చి లెక్కలు రెండు గలవు. లోనికి వచ్చినవారెవరని చెప్పునది ప్రవేశపట్టిక. బయటికి పోవునపుడు ఏమి చూపిరని చెప్పునది ఫలితపట్టిక. ఈ రెండును మన దేశమున వేర్వేఱు కాలములందు, వేర్వేఱు అవసరములచే పుట్టినవి. నేటికిని సరిగ కలిసికొనలేదు. ఆ చరిత్రను కృష్ణా మండలమునందు, విశేషించి గుణదల పరిసరములందు నిలిచి చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

గుణదల బెజవాడకు తూర్పున, కొండకును ఏలూరు కాలువకును రైలుదారికిని దగ్గఱగా నున్న పల్లె. 1924లో అచ్చటి సెయింట్ జోసెఫ్ అనాథాలయమునకు పెద్దగా నుండిన ఆర్లాటి ఫాదిరి మేరీమాత విగ్రహమును నెలకొల్పెను. నాటినుండి ఫిబ్రవరి మాసమున జరుగు తిరునాళ్లవలన ఆ పల్లెపేరు తెలుగుదేశమంతటను వినబడుచున్నది. 1953లో దానికి సమీపముననే ఆంధ్ర లొయోలా కళాశాల వెలసెను. 1985లో గుణదల, పటమట, భవానీపురము మున్నగు పల్లెలు విజయవాడ నగరపాలనలో చేరెను. ఇట్లు కొండ యాత్రికులకును, కళాశాల విద్యార్థులకును పేరుగాంచిన ఈ స్థలము, సామాన్యుల బిడ్డలు చదువుకొను చిన్న సర్కారు బడులను గూర్చి ఆలోచించుటకును తగినదే. ఏలయన, ఇట్టి నగరాంచలములయందే పల్లెవాడును పట్టణపువాడును, నిలుకడగా నున్నవాడును నిన్న వలసవచ్చినవాడును, తమ బిడ్డలను ఒకే వాకిటికి తెచ్చి విడుతురు.

మన ప్రాంతమున బడిపిల్లలను తొలుత లెక్కించినది 1822లో. ఆ సంవత్సరము జూను 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నవి, ఎందఱు చదువుచున్నారు, వారేయే కులములవారు అని తెలుపుడని కలెక్టర్లకు ఉత్తరువు పంపెను. పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములవారు, మహమ్మదీయులు అని గడులుండెను. బాలురును బాలికలును వేఱుగా చూపబడిరి. ఈ వివరములన్నియు చేరినపిమ్మట, 1826 మార్చి 10వ తేదీన మన్రో వ్రాసిన లేఖ ప్రకారము, 1,28,50,941 జనసంఖ్యగల రాజధానిలో 12,498 బడులుండెను. చదువువారు 1,88,000 మంది, అనగా 67 మందిలో ఒక్కడని రెవిన్యూ బోర్డువారనిరి. మన్రో ఆ మాటను అట్లే ఒప్పుకొనలేదు. అయిదేండ్లకును పదియేండ్లకును నడుమనుండు బాలురను మాత్రము లెక్కించినచో 7,13,000 మంది యుందురనియు, వారిలో 1,84,110 మంది, అనగా నాల్గవ వంతుకంటె కొంచెమెక్కువమంది బడికి పోవుచున్నారనియు చూపెను. ఇంటివద్ద చదువుకొనువారినిగూడ చేర్చినచో అది మూడవ వంతునకు దగ్గఱగునని ఆయన అభిప్రాయము. ఒకే సంఖ్యను దేనితో భాగించితిమనుదానినిబట్టి దాని అర్థమెట్లు మాఱునో ఈ వాదమే మనకు తొలిపాఠము.

తెలుగు మండలముల లెక్కలు విచారింపదగియున్నవి. బ్రాహ్మణ బాలురు కడపలో నూటికి 24 మంది, విశాఖపట్టణమున 46 మంది. వైశ్యులు విశాఖపట్టణమున పదిమందికి కొంచెము మించియు, కడపలో 29 మందియు నుండిరి. మహమ్మదీయులు విశాఖపట్టణమున ఒక్కరు, నెల్లూరున 8 మంది. శూద్రులును ఇతర కులములవారును కలిసి గుంటూరున 35 మంది, కడప విశాఖపట్టణములందు 41 మందికి పైబడి. కొన్ని తమిళ జిల్లాలలో ఈ కడపటి వర్గము నూటికి డెబ్బదిని మించెను. కావున నాటి చదువు కేవలము ఒక్క కులమువారి సొత్తని చెప్పుట సరికాదు. అందఱికిని సమముగా నుండెనని చెప్పుట అంతకంటెను సరికాదు. అంటరానివారని త్రోసివేయబడినవారికి ఆ పట్టికలో ప్రత్యేకముగ ఒక గడియైనను లేదు. లెక్కకు రానివానిని గూర్చి ప్రభుత్వము చింతింపనక్కఱలేదు గదా!

ఆ కలెక్టర్ల జాబులలో బళ్లారినుండి 1823లో కాంబెల్ వ్రాసినది మిక్కిలి వివరమైనది. 9,27,857 జనులుగల ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందు బాలికలు 60 మంది. పిల్లలు చేతులు కాళ్లు ఆడుటతోడనే తల్లిదండ్రులు వారిని పనికి పంపక తప్పని దారిద్ర్యమే బడులు క్షీణించుటకు కారణమని ఆయన వ్రాసెను. పద్యములను వందలకొలది వల్లించు బాలునకు వాని అర్థము చిలుకకు తెలిసినంతయే తెలియుననియు వ్రాసెను. ఇందు మొదటి మాట పిల్లవాని యింటిని గూర్చినది. రెండవది బడిలోని పాఠమును గూర్చినది. ఈ రెంటిని ఒకే జాబులో చెప్పిన ఆ అధికారి దృష్టి మెచ్చదగినది. అయినను మన్రో పట్టికలో ఎవడేమి నేర్చెనను గడి లేదు. అది ప్రవేశపట్టిక మాత్రమే.

1854 నాటి విద్యాశాసనపత్రముతో ప్రభుత్వ సహాయధనము మొదలయ్యెను. ధనమిచ్చువాడు దానికి తగిన ఫలము చూపుమనుట సహజము. ఇంగ్లండులో 1862లో రాబర్టు లోవ్ పూనికతో ఒక పద్ధతి వచ్చెను: ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి పిల్లలను చదువు, వ్రాత, లెక్క అను మూడింట పరీక్షించి, గెలిచిన తలకింత అని సొమ్ము లెక్కగట్టుట. మద్రాసు రాజధానియందును ఈ ఫలితానుసార సహాయపద్ధతి వ్యాపించి, వీథిబడి పంతులు మొదలు మిషను బడివఱకు అందఱను కట్టివేసెను. ఇదియే మన ఫలితపట్టికకు పుట్టుక.

దాని మేలును దాచుట న్యాయము కాదు. పంతులు నిజముగ పాఠము చెప్పెనా లేదా అని విచారించువాడొకడు మొదటిసారి పల్లెకు వచ్చెను. కాని కీడు అంతకు తక్కువది కాదు. పంతులు బ్రతుకు పరీక్షలో గెలుచు పిల్లవానిమీద ఆధారపడినప్పుడు, ఇంట దీపములేని పిల్లవాడు, కోతలకాలమున నెలదినములు రాని పిల్లవాడు, ఆకలితో కునుకు పిల్లవాడు అతనికి నష్టముగ కనబడుటలో వింతలేదు. అట్టివానిని చేర్చుకొనకుండుట, చేర్చినను పరీక్షకు నిలుపకుండుట లాభముగ తోచును. ఇంగ్లండువారు ఆ శతాబ్దాంతమునకే ఈ పద్ధతిని విడిచిరి. 1904లో కర్జన్ ప్రభుత్వపు విద్యాతీర్మానము హిందూదేశమునందును దీనిని మానుమని చెప్పెను. పద్ధతి పోయెను, అది నేర్పిన అలవాటు పోలేదు.

బడి వాకిట ఎవరిని నిలుపవలెను, ఎవరిని రానీయవలెను అను వివాదము కృష్ణా మండలమునందు తీవ్రముగ జరిగెను. 1843లో మచిలీపట్టణమున రాబర్టు నోబిల్ స్థాపించిన బడి తరువాత కళాశాలగా పెరిగి, తెలుగుదేశమునకు ఎందఱో విద్యావంతులనిచ్చెను. కాని అది పై కులముల బాలురను ఉద్దేశించి నడచినది. అంటరానివారని పిలువబడినవారికి దాని తొలినాళ్లలో చోటులేదు. పదునాఱేండ్లకు, 1859లో, రాఘవాపురపు మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగు దొరవద్ద బాప్తిస్మము పొందెను. ఆ పిమ్మట మాలపల్లెలలో చిన్న బడులు లేచెను. ఒకే మిషనువారి చేతిక్రింద, ఒకే మండలమున, ఒకటి ఎంపికచేసిన బాలుర బడి, వేఱొకటి అంతకుముందు పలక ముట్టనివారి బడి! ఈ రెంటి పరీక్షాఫలితములను ప్రక్కప్రక్కన నుంచి, మొదటిది గొప్పది, రెండవది కొఱగానిది అనువాడు న్యాయము నెఱుగడు. మొదటిది ఇంటనున్న చదువును పెంచెను. రెండవది లేని చదువును పుట్టించెను.

1882 నాటి హంటర్ విద్యాసంఘము, ప్రజాధనముతో నడచు బడిలో కులకారణమున ఎవనిని త్రోసివేయరాదను సూత్రమును గట్టిపఱచెను. 1893లో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్యకై ప్రత్యేకమైన ఉత్తరువు చేసెను. కాగితముమీది హక్కు గుమ్మము దాటుటకు ఇంకను కాలము పట్టెను. 1917 నవంబరులో బెజవాడలో గూడూరు రామచంద్రరావుగారు మున్నగువారి పూనికతో పంచమ మహాసభ కూడెను. హైదరాబాదునుండి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మగారు పంచములను పేరును నిరాకరించి, తమవారు ఈ దేశపు ఆదిజనులని చాటిరి. అది ఆది ఆంధ్ర మహాసభ యని చరిత్రలో నిలిచెను. బడులు, బావులు కావలెనని ఆ సభవారు కోరిరి. ఆ సభ జరిగినది గుణదలకు రెండు మూడు మైళ్ల దూరముననే. 1822 పట్టికలో లేని గడి తరువాతి పట్టికలలో చేరెను. ఆ గడిని దొరలు దయతో గీయలేదు. అందులేనివారు అడిగి గీయించుకొనిరి.

బాలికల చరిత్రయు ఇట్టిదే. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినపుడు, ఆడుదానికి చదువేలయని అడిగినవారు లేకపోలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున శారదానికేతనము నెలకొల్పిరి. బళ్లారి జిల్లా 6,641 మందిలో 60 మంది బాలికలున్న 1823 సంవత్సరమును తలచుకొని, 2025లో ఆంధ్రప్రదేశపు పదవ తరగతి ఫలితములను చూడుడు: బాలికలు నూటికి 84.09, బాలురు 78.31. రెండువందల యేండ్లు బుద్ధి చాలదని వెలుపల నుంచబడినవారు, తలుపు తెఱచినంతనే ముందునకు వచ్చిరి. లోపము బాలికలది కాదు, తలుపుదే.

తలుపులు తెఱచుటలో ధనమునకును పాత్ర గలదు. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట కృష్ణా డెల్టా పొలములకు నీరిచ్చెను. పండినవాని యింట కొడుకును పట్టణపు బడికి పంపు స్తోమత కలిగెను. 1911 ప్రాంతమున మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష అమలునకు వచ్చి, ఉద్యోగమునకు ముఖద్వారమయ్యెను. నీరందిన పొలము యజమానికిని, ఆ పొలమున నాట్లు వేసిన కూలికిని ఈ ద్వారము సమదూరమున లేదు. స్వరాజ్యము వచ్చినపిమ్మట, 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల శాసనము వచ్చి, జిల్లాబోర్డు హైస్కూళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లయ్యెను. ఆ పేరుగల బడులలో చదివి తమ వంశమున మొదటిసారి సంతకము చేసినవారు లక్షలకొలది.

1971లో సర్వేలు, 1972లో తాడికొండ మున్నగు గురుకుల పాఠశాలలు వెలసెను. పరీక్షపెట్టి ఏఱిన పల్లెటూరి పిల్లలకు తిండియు వసతియు చదువును ఇచ్చి, అవి గొప్ప ఫలితములు చూపెను. అది మేలైన పని. కాని ఏఱుకొను బడియు, వచ్చినవారినందఱను చేర్చుకొను బడియు ఒక త్రాసులో తూగవు. 1980 తరువాత విజయవాడ పోటీపరీక్షల శిక్షణకు కేంద్రమైనపుడు ఈ తేడా మఱింత పెరిగెను. స్తోమతగలవారు రుసుము చెల్లించి వెడలిరి. ఊరి బడిలో నిలిచినవారు వేఱుదారి లేనివారు. నేడు నగరాంచలమున చిన్న సర్కారు బడి ఫలితపట్టికను చదువువాడు, ముందుగా ఎవరు వెడలిపోయిరో తెలిసికొనవలెను.

ఈ మాటవిని, అట్లయిన పేదవాని బడికి మంచి ఫలితము రాదని ఒప్పుకొంటిరా యని అడుగువారుందురు. ఇది అడుగదగిన ప్రశ్న. 1966లో అమెరికాలో జేమ్సు కోల్‌మన్ లక్షలకొలది విద్యార్థులను పరిశీలించి, పిల్లవాని చదువుపై బడి సామగ్రికంటె ఇంటి స్థితి యెక్కువ ప్రభావము చూపుచున్నదని చెప్పెను. అప్పుడును కొందఱు ఇక బడివలన ప్రయోజనమేమని నిరాశపడిరి. కాని మంచి ఉపాధ్యాయునివలన ఎక్కువ లాభపడువాడు వెనుకబడిన యింటి బిడ్డయే యనియు ఆ పరిశీలనలోనే కలదు. దీనికి సాక్ష్యము మన రాష్ట్రముననే యున్నది. 2022 ఏప్రిలులో ఏర్పడిన పార్వతీపురము మన్యము, అల్లూరి సీతారామరాజు అను రెండు జిల్లాలును గిరిజనులు విశేషముగ నివసించునవి. 2025 పదవ తరగతి ఫలితములలో మొదటిది 93.90తో రాష్ట్రమునకెల్ల ముందు నిలిచెను, రెండవది 47.64తో అన్నిటికంటె వెనుక నిలిచెను. ధనవంతమైన డెల్టా జిల్లాలన్నియు మన్యము జిల్లాకు క్రిందనే యుండెను. గిరిజనుల బిడ్డలు గనుక చదువు రాదనువాని నోరు మొదటి అంకె మూయించును. ఒకచోట వచ్చెను గనుక అన్నిచోట్ల తనంత వచ్చుననువానిని రెండవ అంకె హెచ్చరించును. కావున ప్రవేశపట్టికను జాతకముగ చదువరాదు. అది ఎవరికి ఎంత సాయము కావలెనో చెప్పు వైద్యుని చీటివంటిది.

ఆ సంవత్సరము రాష్ట్రమున 6,14,459 మంది పరీక్ష వ్రాయగా 4,98,585 మంది గెలిచిరి, నూటికి 81.14. తప్పినవారు 1,15,874 మంది. అంతకుముందటి సంవత్సరము నూటికి 86.69, 2022లో 67.26. రెండేండ్లు అంటువ్యాధిచే పరీక్షలు జరుగక, పిల్లలు బడి ముఖము చూడక, పిమ్మట వ్రాసిన పరీక్ష 2022 నాటిది. ఆ యేటి అంకె బాలుర బుద్ధిని కొలిచెనా, దేశమున పడిన ఆపదను కొలిచెనా? అట్లే 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలనేకములు మునిగెను. ఇంటిలోనికి నీరు వచ్చి, పుస్తకము తడిసి, తండ్రి బండి చెడిపోయిన పిల్లవాడు ఆఱు నెలలకే పరీక్షలో కూర్చుండెను. వాడు తప్పినచో ఫలితపట్టికలో ఒక తప్పు. ఆ తప్పు వెనుకనున్న వరద మఱియే పట్టికలోను లేదు.

చిన్న బడికి ఇంకొక చిక్కు గలదు. ఒక బడిలో పదవ తరగతిలో 20 మంది యున్నారనుకొందము. ఒక్క పిల్లవాడు జ్వరముతో పరీక్ష సరిగ వ్రాయనిచో ఆ బడి నూటినుండి 95కు దిగును. పెద్ద బడిలో 400 మందిలో ఒక్కడు తప్పినచో ఆ దిగుదల కంటికి కానరాదు. ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. ఆ 20 మంది ఆఱవ తరగతిలో 30 మందిగా నుండిరనుకొందము. నడుమ పదిమంది మానిరి. కడపట 18 మంది గెలిచిరి. ఫలితపట్టిక నూటికి 90 అనును. చేరినవారితో పోల్చిన నూటికి 60 మాత్రమే. ప్రక్క బడిలో 30 మంది చేరి, 29 మంది నిలిచి, 23 మంది గెలిచిరి. దాని ఫలితము 79. పత్రికలో మొదటిది గొప్ప. ఊరికి రెండవది గొప్ప. మన్రో రెవిన్యూ బోర్డువారికి రెండు శతాబ్దముల క్రిందట చెప్పినదియు ఇదియే గదా: దేనితో భాగించుచున్నామో చూచుకొనవలెను!

నేడు పట్టికలు లేక కాదు. యూడైస్ అను జాతీయ పట్టికలో ప్రతి బడియు తన పిల్లల సంఖ్యను, లింగమును, వర్గమును వ్రాయుచున్నది. పరీక్షల శాఖ ఫలితములను ప్రకటించుచున్నది. ఒకటి ఒక బీరువాలోను, వేఱొకటి వేఱొక బీరువాలోను నుండుటయే లోపము. ప్రతి చిన్న బడి గోడమీదను మూడు అంకెలు వ్రాయవలెను: ఆఱవ తరగతిలో చేరినవారెందఱు, పదవ తరగతివఱకు నిలిచినవారెందఱు, గెలిచినవారెందఱు. పిల్లల పేర్లుగాని కులములుగాని గోడకెక్కనక్కఱలేదు. అది వారిని చిన్నబుచ్చును. మానినవారు విశేషముగ ఏ పేటవారు, ఏ పనులు చేయు ఇండ్లవారు, బాలురా బాలికలా, అనునది ఉపాధ్యాయులును తలిదండ్రుల సంఘమును లోపల కూర్చుండి విచారింపవలెను. ఉపాధ్యాయునకు మెప్పుగాని మందలింపుగాని కడపటి అంకెనుబట్టి మాత్రమే కాక, మూడింటినిబట్టియు కలుగవలెను. అప్పుడు వెనుకబడిన పిల్లవాడు బడికి నష్టముగ కనబడడు. వానిని నిలుపుటయే బడికి లాభమగును.

ఈ సంస్కారమునకు గొప్ప ధనము అక్కఱలేదు. ఒక సుద్దముక్కయు, సత్యము చెప్పు మనస్సును చాలును. 1822లో ఎవరు వచ్చిరని అడిగినవారు ఏమి నేర్చిరని అడుగలేదు. ఏమి నేర్చిరని తరువాత అడిగినవారు ఎవరు రాలేదని అడుగుట మఱచిరి. గుణదలవంటి పేటలోని చిన్న బడియందు నేడు రెండు ప్రశ్నలును కలిపి అడుగుట మన వంతు. బడి మానిన పిల్లవాని యింటికి మరునాడే పోయి పిలుచుకొని వచ్చు ఉపాధ్యాయుని శ్రమ ఏదో ఒక అంకెలో కానవచ్చునంతవఱకు మన విద్యాలెక్క పూర్తియైనదని చెప్పుకొనరాదు.